సిగరెట్టు పెట్టెలోని బొమ్మ : విలువైన బేస్‌బాల్ కార్డులు చెప్పే వైద్యచరిత్ర

2022వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికాలో జరిగిన ఒక వేలములో, అరచేతిలో ఇమిడిపోయే అట్టముక్క ఒకటి 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆనాటి మారకపు విలువ ప్రకారము అది సుమారు నూరు కోట్ల రూపాయలు. ఆ అట్టపై ఉన్నది మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి రంగుల బొమ్మ. అదే ఆగస్టులో హోనస్ వాగ్నర్ అనే మరొక ఆటగాడి బొమ్మ 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారింది. 2023 డిసెంబరులో బేబ్ రూత్ అనే ఆటగాడి బొమ్మకు 72 లక్షల డాలర్లు పలికాయి. బేస్‌బాల్ కార్డులలో మిక్కిలి విలువైనవాటిని చెప్పవలసి వస్తే ముందుగా వచ్చే పేర్లు ఈ మూడే.

ఆరోగ్య విషయములు వ్రాసే చోట ఈ అట్టబొమ్మల ప్రసక్తి ఏమిటని మీకు సందేహము కలుగవచ్చును. ఈ ముగ్గురు ఆటగాళ్ల కథలలో పొగాకు, క్యాన్సర్, మద్యము, అవయవదానము ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అందులో ఒక కథలో భీమవరములో పుట్టిన మన తెలుగు శాస్త్రజ్ఞుని ప్రమేయము కూడ ఉన్నది. కార్డుల వెల వార్తాపత్రికలలో వస్తుంది. వాటి వెనుకనున్న మనుష్యుల దేహములకు ఏమైనదో వైద్యుడు చెప్పవలసిన సంగతి.

బొమ్మ ఎందుకు పుట్టింది?

ఈ కార్డులు మొదట ఆటకోసము పుట్టలేదు, పొగాకు అమ్మకము కొరకు పుట్టాయి. పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగములో అమెరికాలో సిగరెట్లను పలుచని కాగితపు పొట్లాలలో అమ్మేవారు. సిగరెట్లు నలిగిపోకుండా పొట్లములో ఒక గట్టి అట్టముక్క పెట్టేవారు. ఖాళీగా ఉన్న ఆ అట్టపై బొమ్మ అచ్చువేస్తే కొనేవారు మళ్లీ మళ్లీ వస్తారని వ్యాపారులు గ్రహించారు. నటీమణులు, పక్షులు, జెండాలు, మల్లయోధులు, వారితోపాటు బేస్‌బాల్ ఆటగాళ్లు ఆ అట్టలమీదకు ఎక్కారు. 1880వ దశకములోనే ఇటువంటి వరుసలు వెలువడ్డాయి.

అదే కాలములో మరొక మార్పు జరిగింది. అంతకు ముందు సిగరెట్లను చేతితో చుట్టేవారు; నేర్పరియైన పనివాడు రోజుకు రెండు మూడు వేలు చుట్టగలిగేవాడు. జేమ్స్ బాన్సాక్ 1881లో పేటెంటు పొందిన యంత్రము రోజుకు లక్షకు పైగా చుట్టింది. జేమ్స్ బ్యుకానన్ డ్యూక్ అనే వ్యాపారి ఆ యంత్రమును వాడుకలోకి తెచ్చి, 1890లో అయిదు పెద్ద సంస్థలను కలిపి అమెరికన్ టొబాకో కంపెనీని నెలకొల్పాడు. లక్షల కొద్దీ తయారైన సరకుకు లక్షల కొద్దీ నోళ్లు కావాలి. పెద్దవారు పొగకోసము కొంటే, పిల్లలు బొమ్మకోసము అడుగుతారు. పొగాకు దుకాణముల ముందు నిలబడి, పొట్లము కొన్నవారిని బొమ్మ ఇమ్మని బ్రతిమాలే బాలురు ఆనాటి అమెరికా నగరములలో సామాన్య దృశ్యము.

వద్దన్న ఆటగాడు

1909 నుంచి 1911 వరకు ఆ కంపెనీ తన పదహారు రకముల పొగాకు సరకుతో అయిదు వందలకు పైగా బేస్‌బాల్ బొమ్మలను పంచింది. సేకరించేవారు నేడు ఈ వరుసను టి206 అంటారు. అందులో ఒక్కొక్క కార్డు సుమారు ఒకటిన్నర అంగుళముల వెడల్పు, రెండున్నర అంగుళములకు కొంచెము మించిన పొడవు ఉంటుంది. చాలా కార్డులు వేల సంఖ్యలో మిగిలి ఉన్నాయి. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టులో ఆడిన హోనస్ వాగ్నర్ కార్డులు మాత్రము యాభై, అరవైకి మించి కనిపించడము లేదు.

వాగ్నర్ 1874లో పెన్సిల్వేనియాలో జర్మను వలస కుటుంబములో పుట్టాడు. బాల్యములో బొగ్గుగనులలో పనిచేశాడు. రెండవ, మూడవ స్థావరముల నడుమ నిలిచి బంతిని ఆపడములో ఆ కాలములో అతనికి సాటి లేదు. 1936లో బేస్‌బాల్ కీర్తిమందిరమునకు మొట్టమొదట ఎంపికైన అయిదుగురిలో అతడొకడు. తన బొమ్మ సిగరెట్లతో పంచడానికి అతడు అంగీకరించలేదు. అప్పటికే కొన్ని బొమ్మలు అచ్చయి బయటకు వెళ్లాయి, తక్కినవి ఆగిపోయాయి. అందుకే అది అంత అరుదు.

అతడు ఎందుకు వద్దన్నాడు? తన బొమ్మకోసము పిల్లలు పొగాకు కొనడము ఇష్టములేక అని అతని కుటుంబము చెప్పింది. ప్రతిఫలము చాలక వద్దన్నాడని కొందరు చరిత్రకారులు అంటారు. వాగ్నర్ స్వయముగా పొగాకు నమిలేవాడు, చుట్టలు కాల్చేవాడు. అంతకు ముందు ఒక చుట్టల వ్యాపారి సరకుపై అతని బొమ్మ వచ్చింది కూడ. అయినా 1912లో ఒక క్రీడాపత్రిక ప్రచురించిన వృత్తాంతము ఇక్కడ గమనించదగినది. వాగ్నర్‌ను ఒప్పిస్తే పది డాలర్లు ఇస్తామని కంపెనీవారు పిట్స్‌బర్గ్ విలేకరి ఒకరికి ఆశ చూపారు. వాగ్నర్ ఒప్పుకోలేదు, తన వలన ఆ విలేకరి నష్టపోరాదని తానే పది డాలర్ల చెక్కు పంపాడు. డబ్బే అతని ఉద్దేశమైతే తన జేబులోనుంచి పది డాలర్లు తీయడు కదా.

నేను దీనిని వైద్యుడిగా మరొక విధముగా చూస్తాను. పొగాకు అలవాటున్న మనిషి సైతము ఆ అలవాటు పిల్లలకు అంటరాదని కోరుకోవచ్చును. నా వద్దకు వచ్చిన ఎందరో తండ్రులు, తాము మానలేకపోయినా, కొడుకు చేతిలో సిగరెట్టు చూడలేమని చెప్పారు. అందులో కపటమేమీ లేదు. వ్యసనము ఎంత బలమైనదో తెలిసినవారి మాట అది.

మన దేశమునకు వచ్చిన దారి

అమెరికన్ టొబాకో కంపెనీ, ఇంగ్లండులోని ఇంపీరియల్ టొబాకో కలిసి 1902లో బ్రిటిష్ అమెరికన్ టొబాకో కంపెనీని స్థాపించాయి. ఆ వంశములోనిదే 1910లో కలకత్తాలో మొదలైన ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా, అనగా నేటి ఐటీసీ. గుంటూరు, చీరాల ప్రాంతముల రైతులు పండించిన వర్జీనియా పొగాకు ఈ వ్యాపారముతో పెరిగిందే. వాగ్నర్ కథ మనకు పూర్తిగా పరాయిది కాదు.

ఆటనూ పొగాకునూ ముడివేసే పద్ధతి కూడ ఇక్కడకు వచ్చింది. 1996 ప్రపంచ కప్పు క్రికెట్ పోటీలు ఒక సిగరెట్టు పేరుతోనే జరిగాయి; భారత ఆటగాళ్ల దుస్తులపై ఆ పేరు కనిపించేది. 2003లో వచ్చిన చట్టము పొగాకు ప్రకటనలను, ప్రాయోజిత కార్యక్రమములను నిషేధించింది. పద్దెనిమిదేళ్ల లోపువారికి అమ్మడము, విద్యాలయములకు నూరు గజముల లోపల అమ్మడము ఆ చట్టప్రకారము నేరము. అయినను పాన్ మసాలా, యాలకుల పేరుతో అదే పేరు, అదే రంగు, అదే పెట్టె ప్రసిద్ధుల ముఖములతో మన ఇళ్లలోని దూరదర్శినులలో మెరుస్తూనే ఉన్నది. సిగరెట్టు పెట్టెలోని బొమ్మ రూపము మార్చుకున్నదే కాని పోలేదు.

వద్దన్నవారు మనలోనూ ఉన్నారు. సచిన్ టెండుల్కర్ తండ్రికి ఇచ్చిన మాట ప్రకారము పొగాకు, మద్యము ప్రకటనలలో పాల్గొనలేదు. మన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ పోటీ గెలిచిన పిదప, తాను త్రాగని శీతలపానీయమును ఇతరులను త్రాగమని చెప్పలేనని పెద్ద మొత్తమును కాదన్నాడు. మీ పిల్లలకు ఆటగాళ్ల కథలు చెప్పేటప్పుడు గెలిచిన కప్పులతోపాటు ఈ సంగతులు కూడ చెప్పండి.

బేబ్ రూత్, సుబ్బారావు

రెండవ కార్డు బేబ్ రూత్‌ది. ఇది పొగాకుతో వచ్చినది కాదు. 1914లో బాల్టిమోరు నగరపు వార్తాపత్రిక ఒకటి స్థానిక జట్టు ఆటల పట్టికను వెనుక అచ్చువేసి పంచిన కార్డు. రూత్ అప్పటికి పందొమ్మిదేళ్ల కుర్రవాడు. ఆ పత్రికలు ఇంటింటికి వేసే బాలుడొకడు దానిని దాచుకోగా, అతని కుటుంబము తరతరములుగా భద్రపరచింది. ఈ కార్డులు నేడు సుమారు పది మాత్రమే కనిపిస్తున్నాయి.

రూత్ అమెరికా ఆరాధించిన ఆటగాడు. చుట్టలు కాల్చేవాడు, పొగాకు నమిలేవాడు, మద్యము విరివిగా త్రాగేవాడు. 1946లో అతనికి ఎడమకంటిపై తీవ్రమైన నొప్పి, గొంతు బొంగురు మొదలయ్యాయి. మొదట ముఖపు ఎముకల గుల్లలలో చీము పట్టిందనుకున్నారు. పళ్లు కూడ తీశారు. నొప్పి తగ్గలేదు. చివరకు ముక్కు వెనుక, గొంతు పైభాగమున ఉండే నాసాగ్రసనిలో పుట్టిన క్యాన్సర్ మెడలోనికి వ్యాపించిందని తెలిసింది. ఈ క్యాన్సర్‌కు ఎప్‌స్టీన్-బార్ అనే వైరసుతో దగ్గర సంబంధమున్నది. పొగాకు, మద్యము అపాయమును పెంచుతాయి. ఒక్క అలవాటుకే నేరమంతా అంటగట్టడము శాస్త్రసమ్మతము కాదు గాని, ఆ అలవాట్లు నిరపాయము అనడము అంతకంటె పెద్ద అసత్యము.

1947 జూన్ నెలలో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ లూవిసోన్ ఒక క్రొత్త మందును రూత్‌కు ఇచ్చారు. దాని పేరు టెరాప్టెరిన్. ఫోలిక్ ఆమ్లమునకు దగ్గరి బంధువైన ఆ రసాయనము లెడర్లీ ప్రయోగశాలలలో తయారయింది. ఆ ప్రయోగశాలల పరిశోధనాధిపతి మన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు భీమవరములో పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికా చేరారు. ఆయన సోదరులలో ఇద్దరు, ఆహారములోని సారమును ప్రేగులు గ్రహించలేని స్ప్రూ వ్యాధితో కొద్దిరోజుల తేడాలో మరణించారు. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు పనిచేసే ఫోలిక్ ఆమ్లమును 1945లో ఆయన బృందము కృత్రిమముగా తయారుచేసింది. దానికి విరుగుడుగా పనిచేసే అమైనాప్టెరిన్ అక్కడనే పుట్టింది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ఆ మందుతో పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికముగానైనా అణచగలిగారు. నేటికీ క్యాన్సర్‌లోనూ, రుమటాయిడ్ కీళ్లవాతములోనూ మేము వ్రాసే మెథోట్రెక్సేట్ ఆ కుటుంబములోనిదే.

టెరాప్టెరిన్‌తో రూత్ మెడలోని గడ్డలు కరిగాయి, నొప్పి తగ్గింది, బరువు పెరిగాడు. అతని పేరు చెప్పకుండానే ఆ ఫలితమును 1947 సెప్టెంబరులో సెయింట్ లూయీలో జరిగిన అంతర్జాతీయ క్యాన్సర్ సభలో వినిపించారు. కిరణచికిత్సను, మందును కలిపి పొందిన తొలి రోగులలో రూత్ ఒకడు. ఉపశమనము కొన్ని నెలలే నిలిచింది. 1948 ఆగస్టు 16న అతడు మరణించాడు.

ఇక్కడ ఒక యాదృచ్ఛికము చూడండి. రూత్, సుబ్బారావు ఇద్దరూ 1895లో పుట్టారు. ఒకరు జనవరిలో, మరొకరు ఫిబ్రవరిలో. ఇద్దరూ 1948 ఆగస్టులోనే పది రోజుల లోపు వ్యవధిలో మరణించారు. ఇద్దరికీ 53 ఏళ్లే. రూత్ అంత్యక్రియలకు న్యూయార్కు వీధులు నిండాయి. సుబ్బారావు వెళ్లిపోయిన సంగతి మన దేశములో కూడ చాలామందికి తెలియలేదు. ఆయన బొమ్మతో కార్డు ఎవరూ అచ్చువేయలేదు. ఆయన బృందపు పనిలోనుంచి వచ్చిన మందు మాత్రము నేటికీ ప్రతి పెద్ద ఆసుపత్రిలో ఉన్నది.

ఒకవైపే ముక్కు దిబ్బడ, ముక్కునుంచి నెత్తురు, ఒక చెవిలోనే దిమ్ము, మెడలో నొప్పిలేని గడ్డ, మూడు వారములు దాటిన బొంగురు గొంతు, ఇవి కనిపిస్తే చెవి, ముక్కు, గొంతు వైద్యుని చూడండి. రూత్ కాలములో లోపలికి చూసే సన్నని దర్శిని లేదు. నేడు జిల్లా కేంద్రములలో కూడ ఉన్నది.

మాంటిల్ చెప్పిన మాట

మూడవది, అన్నిటికంటె వెల ఎక్కువ పలికినది, 1952 నాటి మికీ మాంటిల్ కార్డు. అప్పటికి పొగాకు స్థానములో బబుల్ గమ్ వచ్చింది. కార్డులు సూటిగా పిల్లలకే అమ్మేవారు. మన దేశములో కూడ 1980వ దశకము చివర బబుల్ గమ్‌తో క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు పోగుచేసినవారు మీలో ఉండవచ్చును. టాప్స్ కంపెనీ ఆ ఏడు చివరి వరుసను ఆలస్యముగా విడుదల చేయడముతో అప్పటికే పిల్లల మనస్సు ఫుట్‌బాల్ మీదకు మళ్లింది. అమ్ముడుపోని పెట్టెలను 1960లో పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రములో పారవేయించానని ఆ కార్డులను రూపొందించిన సై బర్గర్ స్వయముగా చెప్పాడు. అట్లా సముద్రము పాలైనవి పోగా మిగిలినవాటిలో, మచ్చలేని ఒక కార్డుకు నూరు కోట్ల వెల.

మాంటిల్ జీవితము మచ్చలేనిది కాదు. గనిపనివాడైన తండ్రి నలభై ఏళ్లకే హాడ్జికిన్ వ్యాధితో పోయాడు. తానూ ఎక్కువ కాలము బ్రతకనని మాంటిల్ నమ్మి, సుమారు నలభై ఏళ్లు విచ్చలవిడిగా త్రాగాడు. 1994లో వ్యసన విముక్తి కేంద్రములో చేరి మద్యము మానాడు. కాని అప్పటికే కాలేయము సిరోసిస్‌తో గట్టిపడిపోయింది. హెపటైటిస్ సి, కాలేయపు క్యాన్సర్ కూడ తోడయ్యాయి. 1995 జూన్ 8న డాలస్‌లో అతనికి కాలేయ మార్పిడి జరిగింది. వరుసలో ముందుకు జరిగే అవకాశము పేరుప్రతిష్ఠల వలన దొరికిందా అని దేశమంతా వాదించింది. రోగతీవ్రతను బట్టే ఇచ్చామని వైద్యులు చెప్పారు. క్యాన్సర్ అప్పటికే కాలేయమును దాటి ఉన్నది. ఆగస్టు 13న, 63వ ఏట మరణించాడు.

మరణించే ముందు జూలైలో అతడు విలేకరుల ముందుకు వచ్చాడు. బక్కచిక్కిన ఆ మనిషి తనను ఆదర్శముగా తీసుకోవద్దనీ, తనవలె కావద్దనీ పిల్లలకు చెప్పాడు. ఒక వైద్యుడు ముప్పై ఏళ్లు చెప్పినా చేరని మాట ఆ ఒక్క రోజున ఇంటింటికి చేరింది.

మద్యము మానిన తరువాత ఫలితమేమున్నదని నన్ను అడిగేవారికి ఇదే సమాధానము చెబుతాను. కాలేయమునకు కొవ్వు పట్టిన దశలో మానితే అది చాలావరకు కోలుకుంటుంది. గట్టిపడిన దశలో మానినా ఆయుష్షు పెరుగుతుంది. ఆలస్యమైనకొద్దీ దక్కేది తగ్గుతుంది. హెపటైటిస్ సి ఉన్నవారికి నేడు మూడు నెలల మాత్రలతో నూటికి తొంభైమందికి పైగా నయమవుతున్నది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వ కేంద్రములలో ఆ చికిత్స ఉచితము. మాంటిల్‌కు దక్కని అవకాశము అది.

వెల లేని కార్డు

మాంటిల్ కథలో కార్డు మరొకటి ఉన్నది. అతని పేరుతో ఏర్పడిన అవయవదాన సంస్థ, ముందు అతని బొమ్మ, వెనుక అవయవదాన అంగీకారపత్రము ఉన్న కార్డును అచ్చువేసి ఆటస్థలములలో ఉచితముగా పంచింది. బేస్‌బాల్ బొమ్మవలెనే ఉండే ఆ అట్టముక్కపై సంతకము చేసి జేబులో పెట్టుకుంటే, మరణానంతరము ఒకరి కాలేయము మరొకరికి ప్రాణము పోయవచ్చును.

మన రెండు రాష్ట్రములలో జీవన్‌దాన్ పథకము ఆ పనే చేస్తున్నది. నమోదు చేసుకోవడానికి డబ్బు అవసరము లేదు. మెదడు మరణించినదని నిర్ధారించిన వ్యక్తినుంచి గుండె, కాలేయము, రెండు మూత్రపిండములు, ఊపిరితిత్తులు, కనుపొరలు తీసి పలువురికి ఇవ్వవచ్చును. దేహము వికృతము కాదు. కర్మకాండలకు అడ్డము రాదు. కాని ఆ ఘడియలో అంగీకారము తెలుపవలసినది కుటుంబమే. కనుక నమోదు చేసుకున్నంత మాత్రమున సరిపోదు; మీ కోరికను భార్యాబిడ్డలకు, అన్నదమ్ములకు ముందుగా చెప్పి ఉంచండి.

పొగాకు విషయములో చేయవలసినవి కొన్ని ఉన్నాయి. 2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారము మన దేశములో 15 ఏళ్లు నిండినవారిలో 28.6 శాతము మంది ఏదో ఒక రూపములో పొగాకు వాడుతున్నారు. వారిలో చాలామంది మొదలుపెట్టినది బడి వయస్సులో. మీ ఊరి బడి ప్రక్కన సిగరెట్టు, ఖైనీ అమ్మే దుకాణముంటే ప్రధానోపాధ్యాయుని, పంచాయతీని కలిసి తీయించండి. పిల్లవానిని పంపి సిగరెట్టు తెప్పించుకోకండి. మీరు మానదలచితే 1800 11 2356 అనే జాతీయ ఉచిత ఫోను సహాయము ఉన్నది. ఒక ప్రయత్నములో మానలేకపోతే రెండవ ప్రయత్నము చేయండి. మానగలిగినవారిలో ఎక్కువమంది ఒకసారికంటె ఎక్కువ ప్రయత్నించినవారే.